తెల్ల నరం

నా నోరు మంచిది కాదని మా ఊళ్ళో అందరూ అంటారు. నిజమే. మంచి నోరు పెట్టుకుని బాగుపడ్డ ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. ఇది రాసుకుంటున్న పిల్లతో కూడా ముందే చెప్పాను, నా మాటలు నున్నగా చేసేటట్టయితే కలం కింద పెట్టి పొమ్మని.

మాది పర్చూరుకు రెండు కోసుల దూరంలో ఒక పల్లె. నల్లరేగడి నేల. సాగరు కాలవ తవ్వుతున్నారని చెప్పుకోవడమే గాని, అందులో నీళ్ళు ఎవరూ చూడని రోజులు. పత్తి, మిరప, కొత్తగా పొగాకు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు నా మొగుడు పత్తి చేలో పాము కరిచి చచ్చిపోయాడు. పిల్లల్లేరు. ఆయన అన్న ఇంట్లోనే ఉండిపోయాను. ఆ అన్న నాకు బావగారు. ఆయన భార్య నా తోటికోడలు, వరసకు అక్క. వరసకు మాత్రమే.

ఆ ఇంట్లో నన్ను ఉంచింది జాలి కాదు. నా నాలుక.

మా ఇంట్లో ఏడాదికి నాలుగు పెద్ద జాడీల ఆవకాయ, రెండు జాడీల పండుమిరపకాయ పచ్చడి, ఒక జాడీ గోంగూర పెట్టేవాళ్ళు. ఇంటిల్లిపాదికీ, పాలేళ్ళకూ, కల్లంలో మిరపకాయలు ఏరే కూలీలకూ, అడిగి పట్టుకెళ్ళే చుట్టాలకూ అంతా అందులోంచే. అవన్నీ కలిపేది నేను. ఉప్పు ఇన్ని సోలలు, కారం ఇన్ని సోలలు అని కొలత చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఒక ఏడు మామిడికాయ పులుపు ఎక్కువుంటుంది. ఒక ఏడు ఉప్పు తేమగా వస్తుంది. చేలో ఒక పక్క కాసిన మిరపకాయ ఘాటు రెండో పక్క కాయకు ఉండదు. కొలత పోసి ఊరుకుంటే ఆషాఢంలో బూజు పడుతుంది. నేను కలిపిన మూడో రోజు జాడీ తిరగ్గలిపి, ఊట చుక్క ఒకటి అరచేతిలో వేసుకుని నాకి, ఒక్క గుప్పెడు ఉప్పు పడాలని చెప్పేదాన్ని. ఒక్క గుప్పెడే పడాలి. నేను చెప్పాక ఎవరూ మళ్ళీ రుచి చూసేవాళ్ళు కాదు.

పెళ్ళిపందిట్లోకి రాకూడని మనిషిని నేను. నేను కలిపిన ఆవకాయ మాత్రం ప్రతి పెళ్ళి విస్తట్లోకీ వెళ్ళేది. ఆ సంగతి నేను పైకి అనేస్తాననే నన్ను చూస్తే అందరికీ మంట.

నాకు ముప్పై నాలుగో ఏడు, మిరపకాయ కోతల్లో నాకు కుడి పక్క కింది దవడలో పోటు మొదలైంది. చిట్టచివరి పన్ను. జ్ఞానదంతం అంటారట దాన్ని. సగం పైకి వచ్చి, సగం చిగురు కింద ఉండిపోయింది. లవంగం పెట్టాను, వేపపుల్ల నమిలాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను. చెంప బూరెలా పొంగింది. నోరు రెండు వేళ్ళ వెడల్పు కూడా తెరుచుకోలేదు.

"ఇప్పుడు ఊరు చల్లగా ఉంది," అన్నది మా తోటికోడలు. "నోరు తెరవలేకపోతోంది గదా."

నొప్పి కంటే ఆ మాటకే నాకు ఎక్కువ మండింది. అయితే మిరపకాయలు ఎండేలోగా నేను లేచి తిరక్కపోతే కల్లం చూసేవాళ్ళు లేరని బావగారు నన్ను ఒంగోలు తీసుకెళ్ళాడు. అక్కడ ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. వీధి వైపు గాజుపెట్టెలో కట్టుడు పళ్ళ వరసలు గులాబీ రంగు చిగుళ్ళతో పెట్టుకుని, పైన బోర్డు మీద నవ్వుతున్న నోరొకటి గీయించాడు. తెల్లగా, గుండ్రంగా, మెత్తటి చేతులున్న మనిషి. ఆయన ఎక్కడ చదివాడో, అసలు చదివాడో లేదో మేము అడగలేదు. బోర్డు ఉంది, కుర్చీ ఉంది, తెల్లకోటు ఉంది. మాకు అంతకంటే ఏం కావాలి?

సూది వేశాడు. కుడి పక్కంతా కొయ్యబారింది. కత్తి తీసుకుని పన్ను వెనక చిగురును గొంతు వైపు తిన్నగా కోశాడు. నాకు నొప్పి లేదు గాని కత్తి ఎటు పోయిందో తెలుస్తూనే ఉంది. తర్వాత ఇనప ముక్కొకటి నాలుక వైపు నుంచి దూర్చి ఎగదన్నాడు. పన్ను రాలేదు. మళ్ళీ దూర్చాడు. బావగారు నా తల గట్టిగా పట్టుకున్నాడు. మూడోసారికి పటుక్కుమంది. జ్ఞానదంతంతో పాటు దాని ముందున్న మంచి పన్ను కూడా కదిలిపోయింది. అది కూడా పీకేసి పళ్ళెంలో పడేశాడు.

"అదెందుకు తీశారండి?" అని బావగారు అడిగాడు.

"పక్కన చెడ్డది ఉంటే ఇది మాత్రం నిలుస్తుందా?" అన్నాడు డాక్టరు, చేతులు తుడుచుకుంటూ.

సాయంత్రానికి పెదవి మామూలైంది. చెంప మామూలైంది. నాలుక మాత్రం కుడి సగం అలాగే ఉండిపోయింది. మర్నాడూ అంతే. వారమైనా అంతే. నోట్లో ఎవరిదో నాలుక అతికించినట్టు. ఒకరోజు అన్నం తింటుంటే ముద్ద ఎర్రగా కనబడింది. పచ్చడి కలపలేదే అనుకున్నాను. నాలుక కొరుక్కున్నానని నెత్తురు చూస్తే తెలిసింది.

పొగాకు పని మీద ఒంగోలు వెళుతున్న బావగారితో కబురు పంపాను. ఆయన తిరిగొచ్చి, "మందు దిగలేదంట. దిగుద్దిలే అన్నాడు," అని చెప్పాడు.

"సూది ఏసి నెల దాటింది బావగారూ. నెలకి దిగని మందేంది?"

"ఆయనకి తెలవదా నీకు తెలుసా?"

ఊరుకున్నాను. నేను ఊరుకోవడం అరుదు. ఎందుకు ఊరుకున్నానో చెబుతాను. నా నాలుక పని చెయ్యడం లేదని గట్టిగా అంటే, ఆ ఇంట్లో నేనెందుకనే మాట వస్తుంది. అందుకే దాచాను. దిగుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎండలు ముదిరాయి, మామిడికాయలు వచ్చాయి. మామూలుగా కొంగు బిగించి ఆవకాయ కలపడానికి కూర్చున్నాను.

మూడో రోజు ఊట చుక్క అరచేతిలో వేసుకుని నాకాను. ఉప్పు చాల్లేదనిపించింది. రెండు గుప్పెళ్ళు వేయించాను. మళ్ళీ నాకాను. ఇంకా చప్పగానే ఉంది. నాకు చిన్నప్పటి నుంచీ చుక్కను కుడి పక్కకు లాక్కుని చప్పరించడం అలవాటు. ఆ పక్క చచ్చిపోయి ఉంది. మొద్దుబారిన ఆ పక్క రుచి చూసి నేను ఉప్పు పోయిస్తున్నాను. నాలుగు జాడీల్లోనూ పోయించాను.

పది రోజులకు మొదటి జాడీ విప్పారు. బావగారు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని లేచి పెరట్లోకి వెళ్ళి ఊశాడు. కూలోళ్ళు అన్నం ముంతల్లోంచి ముక్కలు తీసి గట్టున పారేశారు.

"ఆవకాయా ఇది? ఉప్పుమడి!" అని మా తోటికోడలు వీధిలోకి వినబడేలా అరిచింది. "ఏమే, కావాలని చేశావా?"

"కావాలని చేసేదాన్నయితే నీ పళ్ళెం వరకే చేద్దును."

"మరి ఏమైంది నీ నాలిక్కి?"

దాచి లాభం లేదని చెప్పేశాను. సగం తెలియడం లేదని. ఆవిడ చేతిలో గరిటె కింద పెట్టి నవ్వింది.

"ఊరందరి మీదా పారేసుకున్న నాలిక. దేవుడు చూసి చూసి సగం కోసేశాడు."

ఆ నవ్వు ఊరంతా తిరిగింది. బావి దగ్గర నేను చేద వేస్తే, పక్కన ఉన్నవాళ్ళు, "మిగతా సగం ఎప్పుడు పోద్దో," అనుకునేవాళ్ళు నాకు వినబడేలా. నేనూ ఊరికే లేను, సగం నాలుకకే ఎవరి వంతు వాళ్ళకు అందించాను. కానీ ఇంట్లో మాత్రం జాడీల గది తాళం ఆవిడ బొడ్లోకి వెళ్ళిపోయింది. వచ్చే ఏడు కలపడానికి తన చెల్లెల్ని పిలిపిస్తానంది. ఆ చెల్లెలు వస్తే ఉండేది నేను పడుకునే గదిలోనే. అది కూడా చెప్పింది.

నన్ను వెంటేసుకుని బావగారు మళ్ళీ ఒంగోలు వెళ్ళాడు. ఈసారి కాస్త కోపంగానే వెళ్ళాడు. నా కోసం కాదు, నాలుగు జాడీల కోసం. డాక్టరు నా నోట్లో లాంతరు వెలుగు వేసి చూసి, తల ఊపాడు.

"గాయం చక్కగా మానింది. ఇంకేంటి?"

"నాలుక తెలీట్లేదండి," అన్నాను. "నరం తెగిందేమో చూడండి."

"నరం తెగిందా?" నవ్వాడు. "నరం తెగితే నెత్తురు ఆగుతుందామ్మా? నీకు ఆ సాయంత్రానికే ఆగింది. తెగలేదు, తెగలేదు."

ఆ మాట మాకు సబబుగానే తోచింది. ఎందుకంటే మేము అన్నిటినీ నరమే అంటాం. ముంజేతి మీద నీలంగా ఉబ్బి కనబడేదీ నరమే. మెడ పట్టేస్తే లాగేదీ నరమే. మనిషి ఒక పక్క పడిపోతే చచ్చుబడిందీ నరమే. ఒకే మాట. డాక్టరు కూడా ఆ ఒక్క మాటే అన్నాడు. నెత్తురు ఆగింది కాబట్టి నరం బాగుంది. బావగారి కోపం అక్కడే చల్లారింది.

ఇంకాస్త చల్లార్చడానికి డాక్టరు బల్ల సొరుగు తీసి, ఏదో పై దేశపు పుస్తకంలోంచి చింపిన బొమ్మ చూపించాడు. దవడ ఎముకలోకి ఒక మరమేకు దిగి ఉంది. మర తల మీద పన్ను కూర్చుని ఉంది.

"చూశారా? ఇప్పుడు కొత్త విద్య ఇది. కట్టుడు పన్ను కాదు, తీసి పెట్టుకునేది కాదు. ఎముకలోనే బిగించేస్తాం. మనకి నమ్మకమైన కంసాలి ఉన్నాడు, స్టీలుతో మర చేసిస్తాడు. ఈ అమ్మాయికి ఊడిన మంచి పన్ను చోట నేనే ఊరికే పెడతాను. ఒంగోల్లో మొదటిది ఈమెకే."

"ఊరికేనా?" అన్నాడు బావగారు.

"ఊరికేనండి. నెల తర్వాత తీసుకురండి."

దారిలో బావగారు బస్సులో నాతో, "పన్ను పెట్టేస్తానన్నాడు గదా. ఇంక ఈ గొడవ ఆపు," అన్నాడు. నా నాలుక సంగతి అక్కడితో ముగిసిపోయింది, ఆయన లెక్కలో.

నా అనుమానం తీర్చింది పర్చూరు సంతలో మాంసం కొట్టే సాయిబు. మా చేల పక్కనే వాళ్ళ చేను. నన్ను చెల్లెమ్మా అంటాడు. మేక మొండెం వేలాడదీసి తలకాయ కొడుతున్నాడు. నేను పాలేళ్ళకు మాంసం కోసం వెళ్ళి నిలబడి ఉన్నాను. అతను దవడ చీల్చి నాలుక బయటికి లాగాడు. దాని వెంట తెల్లటి దారంలాంటిది సాగి వచ్చింది.

"అదేంది సాయిబూ?"

"నరం."

"నరమైతే నెత్తురేది?"

"ఈ నరంలో నెత్తురుండదు చెల్లెమ్మా. నెత్తురు గొట్టం ఇదిగో, ఇది వేరే." కత్తి మొనతో ఎర్రగా, బోలుగా ఉన్న దాన్ని చూపించాడు. "కండని ఎముక్కి కట్టేది ఇదిగో, ఇది ఇంకోటి. గట్టిగా ఉంటది, దీన్ని కుక్కలక్కూడా ఎయ్యం. ఈ తెల్లదుందే, ఇది దారం. కోస్తే చుక్క రాదు."

"చుక్క కూడా రాదా?"

"రాదు. ఎందుకట్టా చూస్తావు? నీకు మేకతో గాని పెళ్ళి చేస్తన్నారా ఏంది?"

పక్కవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. మాంసం అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను. చుక్క రాదు. కోసినా చుక్క నెత్తురు రాదు. ఒంగోలు బోర్డు మీద నోరు నవ్వుతూ నాకు కనబడింది.

పుట్టింటికని చెప్పి చిలకలూరిపేట మీదుగా గుంటూరు బస్సెక్కాను. అక్కడ పెద్ద ఆసుపత్రి ఒకదాంట్లో పళ్ళ గది ఉందని విన్నాను. పొద్దున వెళితే మధ్యాహ్నానికి పిలిచారు. ఒక డాక్టరమ్మ. చిన్నది, నాకంటే ఐదారేళ్ళు తక్కువుంటుంది. మొహంలో చిరాకు. నాకు ఆ చిరాకు నచ్చింది. ఒంగోలు ఆయన నవ్వు కంటే నయం.

"కళ్ళు మూసుకో. నాలుక బయట పెట్టు. గుచ్చినప్పుడు చెయ్యెత్తు," అంది.

ఎడమ పక్క గుచ్చింది. ఎత్తాను. మళ్ళీ గుచ్చింది. ఎత్తాను. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. విసుగొచ్చి కళ్ళు తెరిచాను.

"గుచ్చండమ్మా."

"గుచ్చాను. నాలుగుసార్లు."

ఆమె చేతిలో సూది మొన ఎర్రగా ఉంది. ఏడవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు కూడా ఏడవలేదు. మా డాక్టరు అన్న మాట చెప్పాను, నెత్తురు ఆగింది కాబట్టి నరం తెగలేదని. ఆమె చిరాకు పోయి కోపం వచ్చింది.

"అలా అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

లేచి అద్దాల బీరువాలోంచి మనిషి దవడ ఎముక తీసి నా ఒళ్ళో పెట్టింది. పసుపు పచ్చగా, తేలిగ్గా ఉంది.

"ఎవరిదమ్మా ఇది?"

"తెలీదు. చిన్నదిగా ఉంది, ఆడమనిషిదే అయ్యుండాలి."

బతికుండగా దాని మాట ఎవరు విన్నారో గాని, చచ్చాక నాకు పనికొచ్చింది. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. చిట్టచివరి పన్ను ఉండే చోట, నాలుక వైపు, ఎముకలోంచి ఎండ కనబడింది. తమలపాకులోంచి కనబడినట్టు.

"చూశావా ఎంత పల్చనో. నీ నాలుకకి తెలివినిచ్చే నరం దీన్ని ఆనుకునే వెళుతుంది. పైన ఉత్త చిగురే. కొందరికి మరీ పైకి ఉంటుంది. ఇప్పుడు ఎముకని పైనుంచి చూడు. పళ్ళ వరస తిన్నగా వెళుతోందా? దాని వెనక ఎముక ఎటు తిరిగింది?"

"బయటికి. చెంప వైపు."

"అంతే. కాబట్టి కత్తి కూడా చెంప వైపే తిరగాలి. తిన్నగా వెనక్కి పోయావనుకో, కత్తి కింద ఎముక ఉండదు. నాలుక నరం ఉంటుంది. ఆయన ఎటు కోశాడో నీకు తెలిసిందా?"

"తిన్నగా. గొంతు వైపు."

ఆమె ఎముకను మళ్ళీ నా చేతికిచ్చింది. నేను మర సంగతి చెప్పాను. ఎముకలో బిగిస్తాడట, కంసాలి చేస్తాడట అని. ఆమె నా చేతిలో ఎముకను తిప్పి లోపలి వైపు ఒక చిల్లు చూపించి, చీపురు పుల్ల తెచ్చి అందులో దూర్చింది. పుల్ల ఎముకలోకి వెళ్ళి మాయమైంది. ముందు వైపు, గడ్డం పక్కన ఇంకో చిల్లు ఉంది.

"ఇక్కడ దూరి, ఎముక లోపల సొరంగంలో పళ్ళ వేళ్ళ కిందుగా వెళ్ళి, ఇదిగో, ఇక్కడ పెదవిలోకి వస్తుంది ఇంకో నరం. పన్ను ఊడిన చోట ఎముక ఏటేటా తరుగుతుంది. పైనుంచి సొరంగానికి దూరం తగ్గిపోతుంది. ఎంత ఉందో ఎక్స్‌రే తియ్యకుండా అందులోకి మర దించితే, నీ పెదవీ గడ్డం కూడా పోతాయి. చొంగ కారినా తెలీదు. ఆ సొరంగం ఎక్కడుందో ఆయన్ని అడుగు. చెప్పలేకపోతే కుర్చీలోంచి లేచిపో."

"మరి నా నాలుక?"

"నలిగి ఉంటే ఇన్నాళ్ళకి కొంచెమైనా తిరిగొచ్చేది. తెగినట్టే ఉంది. కుట్టేవాళ్ళు ఇక్కడ లేరు." ఎముకను బీరువాలో పెట్టేస్తూ, "ఎడమ పక్క బాగానే ఉంది కదా. దాన్నుంచుకో," అంది.

మెత్తగా చెప్పలేదు. మెత్తగా చెప్పుంటే ఆమెను కూడా తిట్టేదాన్ని.

నెల అయ్యాక బావగారు నన్ను ఒంగోలు బయల్దేరదీశాడు. నేను మారుమాట లేకుండా వెళ్ళాను. అదే ఆయనకు అనుమానం రావలసిన సంగతి, రాలేదు. డాక్టరు అగ్గిపెట్టెలో దూదిలో చుట్టిన మర తీసి చూపించాడు. తళతళలాడుతోంది. కంసాలి పనితనానికి వంక పెట్టను. బల్ల మీద చెంప వాచిన ముసలాయన ఒకడు తువ్వాలు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. డాక్టరు సూది తీశాడు.

"ఆగండి. ఆ మర ఎంత లోతు దిగుద్దండి?"

"ఇదంతా దిగుతుందమ్మా. గట్టిగా ఉండాలి కదా."

"దాని కింద ఏముందండి?"

"ఏముంటుంది? ఎముక."

"ఎముకలో?"

"ఎముకలో ఎముకే ఉంటుంది!" అని బావగారి వైపు తిరిగి నవ్వాడు. బావగారు కూడా నవ్వాడు.

"అయితే నా పెదవికి తెలివినిచ్చే నరం ఏ దారిన వచ్చుద్ది?"

నవ్వు ఆగింది. వేలితో తన చెంప మీద గీత గీశాడు. "ఇలా, కండలోంచి."

"ఎముకలోంచి కాదా? లోపల చిల్లులో దూరి, పళ్ళ కిందుగా వచ్చి, గడ్డం పక్కన చిల్లులోంచి బయటికి రాదా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎముకే చెప్పింది. నా చేత్తో పట్టుకు చూశా. ఇంకోటి చెప్పు. చివరి పన్ను వెనక కత్తి పెడితే ఎటు తిప్పాలి? చెంప వైపా, గొంతు వైపా?"

"నీకు చదువొచ్చా?"

"రాదు. నీకొచ్చు గదయ్యా. చెప్పు."

ఆయన తెల్లటి మొహం ఎర్రబడింది. బావగారు లేచి, "అమ్మాయ్, మర్యాద," అన్నాడు.

"ఎవరికి మర్యాద? నా నాలిక నరం కోసి, నెత్తురు రాలేదు గాబట్టి తెగలేదన్నాడే, ఈయనకా? పర్చూరు సంతలో మేక తలకాయ కొట్టే సాయిబుకి తెలుసు బావగారూ, ఏది నెత్తురుదో ఏది తెల్లదో. ఈయనకి తెలవదు. తెలవదని ఒక్క మాట అనమను. అంటే ఇప్పుడే లేచి ఇంటికొస్తా."

బల్ల మీద ముసలాయన తువ్వాలు ఊడదీశాడు. "డాక్టరు గారూ, నాది పైపన్నే గదా? పైన ఏముంటయ్యి?"

"నువ్వు ఊరుకో తాతా," అన్నాడు డాక్టరు.

"నిన్నే అమ్మాయ్. పైన ఏముంటయ్యి?"

"నాకు కిందది వరకే చెప్పారు తాతా. పైది ఆయన్నే అడుగు."

ముసలాయన ఆయన్ను చూశాడు, కుర్చీని చూశాడు, చెప్పులేసుకున్నాడు. "రేపొస్తాలెండి," అని మెట్లు దిగాడు.

డాక్టరు సూది పళ్ళెంలో విసిరేశాడు. నాతో కాదు, బావగారితో అన్నాడు, ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది: "అవన్నీ పుస్తకాల్లో ఉంటాయండి. చేతిపని చేసేవాడికి అక్కర్లేదు."

తెలియదని మాత్రం అనలేదు. ఆయన చచ్చేవరకూ అన్నట్టు నేను వినలేదు.

ఇంటికొచ్చాక బావగారు, ఊరికే పెట్టే పన్నును కాలదన్నుకున్నానని వారం రోజులు వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. మా తోటికోడలు చెల్లెలికి ఉత్తరం రాయించింది.

నేను ఎడమ పక్కను పనిలో పెట్టాను. ముప్పై ఏళ్ళ అలవాటు మానడం చిన్న సంగతి కాదు. చుక్క నోట్లో పడగానే నాలుక తనంతట తాను కుడికి లాగేది. వేలితో నొక్కి పట్టుకునేదాన్ని. రోజూ పొద్దున్నే చెంబుడు మజ్జిగలో ఇంత ఉప్పు వేసి, ఎడమ పక్క చప్పరించి, ఇంకొంచెం వేసి మళ్ళీ చప్పరించేదాన్ని. ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనేవాళ్ళు. చూశారు, అన్నారు కూడా. పండుమిరపకాయల కాలానికి తోటికోడలి చెల్లెలు వచ్చింది. మెత్తటి పిల్ల, దాని తప్పేమీ లేదు. అది కొలత పోసి కలిపింది. నేను అడక్కుండానే వేలు ముంచి ఎడమ పక్క పెట్టుకున్నాను.

"ఉప్పు చాల్లేదు. సోలెడు పడాలి."

"నీ మాట వినే గదా నాలుగు జాడీలు పెంట మీద పోసింది," అంది తోటికోడలు.

ఉప్పు పోయలేదు. నెల తిరక్కుండా జాడీ మీద తెల్లగా పొర కట్టింది. ఆ రోజు నేను నవ్వాననుకుంటారేమో. నవ్వలేదు. జాడీలో చెడినదానికి ఎవరూ నవ్వకూడదు, తినేవాళ్ళు ఉంటారు. పైపొర తీసేసి, ఉప్పు పోసి, నూనె కాచి పోసి, మిగిలినదాన్ని నిలబెట్టాను. చెల్లెలు దాని ఊరు అది వెళ్ళింది. గది నాకే ఉండిపోయింది.

ఎండాకాలం మళ్ళీ కాయలు వచ్చాయి. తోటికోడలు బొడ్లోంచి తాళం తీసి, నా చేతికివ్వకుండా గడప మీద పెట్టింది. నేనే వంగి తీసుకున్నాను. కలిపాను. మూడో రోజు తిరగ్గలిపి, చుక్క అరచేతిలో వేసుకుని, ఎడమకు లాక్కుని, "ఒక గుప్పెడు," అన్నాను. ఆవిడ గుప్పెడు వేసింది. నేను జాడీ మూతికి గుడ్డ కట్టబోయాను.

"ఆగు," అంది.

వేలు ముంచి తన నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది. ఆవిడకు ఉప్పుకీ పులుపుకీ తేడా తెలియదని ఊరందరికీ తెలుసు. "సరే, కట్టు," అంది.

ఆ ఏడు మొదలు, ఆవిడ పోయేదాకా, ప్రతి జాడీ దగ్గరా అంతే. ఏ ఒక్క ఏడూ నా ఉప్పు తప్పలేదు. ఏ ఒక్క ఏడూ ఆవిడ వేలు ముంచకుండా నన్ను గుడ్డ కట్టనివ్వలేదు.